పశువులు, పత్తి, పట్టాలు: టెక్సస్ పాఠం మీద మీ ప్రశ్నలు

టెక్సస్ బళ్లలో పిల్లలు ఏడో తరగతిలో ఆ రాష్ట్ర చరిత్ర చదువుతారు. అంతర్యుద్ధం ముగిసిన 1865 తర్వాతి కాలాన్ని ‘కాటన్, క్యాటిల్, రైల్‌రోడ్స్’ అనే పాఠంగా చెబుతారు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దాని గురించే. అందుకే ఈసారి శీర్షికంతా ఆ పాఠానికే ఇస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి పశువులు, పత్తి, రైళ్లు మూడింటినీ మూడు ముక్కలుగా బట్టీ పడుతోంది. మర్నాటికి తేదీలన్నీ కలగాపులగం. మేమిద్దరం ఇండియాలో చదువుకున్నవాళ్లం, ఈ చరిత్ర మాకూ కొత్తే. ఇంట్లో ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? – ఒక తల్లి, ఫ్రిస్కో

తేదీలు పక్కన పెట్టి ధరతో మొదలుపెట్టండి. యుద్ధం ముగిసేనాటికి టెక్సస్‌లో లక్షల కొద్దీ పొడవు కొమ్ముల లాంగ్‌హార్న్ పశువులు బయళ్లలో తిరుగుతున్నాయి. కొనేవాళ్లు లేక అక్కడ గొడ్డు ధర 4 డాలర్లు. ఉత్తరాది నగరాల్లో అదే గొడ్డుకు 40 డాలర్ల దాకా పలికేది. మధ్యలో అడ్డం దూరమొక్కటే. ‘సరుకు ఇక్కడుంది, కొనేవాడు అక్కడున్నాడు, ఏ దారిన చేర్చాలి, ఎంతవుతుంది?’ అన్న ప్రశ్న అమ్మాయికి పట్టుబడితే మూడు ముక్కలూ ఒకే పాఠం అవుతాయి.

ఆ తర్వాత కాగితం మీద ఈ లెక్క చేయించండి. 1867లో జోసెఫ్ మెక్‌కాయ్ కాన్సస్ రాష్ట్రంలోని అబిలీన్‌లో, రైలు పట్టాల పక్కనే, పశువుల దొడ్లు కట్టించాడు. శాన్ ఆంటోనియో నుంచి చిజం ట్రెయిల్ అనే మందల బాట మీదుగా అక్కడికి దాదాపు 800 మైళ్లు. మందలో 2,500 గొడ్లు. పదిమంది కౌబాయ్‌లకు నెలకు 30 డాలర్ల చొప్పున మూడు నెలలకు 900, మందను నడిపించే పెద్దకు నెలకు 100 చొప్పున 300. మొత్తం జీతాలు 1,200 డాలర్లు. గొడ్డుకు అర డాలరు కూడా పడలేదు. దారిలో వందకు ఐదు పోయాయనుకుంటే 2,375 మిగులుతాయి. అబిలీన్‌లో ఒక్కోటీ 20 డాలర్లకు పోయిందనుకుంటే (ఈ ధర లెక్క కోసం అనుకున్నదే) చేతికొచ్చేది 47,500. కొనుబడి 10,000, జీతాలు 1,200, తిండి సామాను తీసేసి మిగిలింది చూడమనండి.

ఇక్కడ ఆగి ఒకటి అడగండి: ఇంత దూరం ఇంత చవగ్గా ఎలా కుదిరింది? గడ్డి, నీళ్లు ఊరికే దొరికాయి కాబట్టి. ఈ జవాబు పిల్లల నోటి నుంచే రావాలి. తర్వాత ముళ్లకంచె ఎందుకంత గొడవ తెచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. రోజుకు ఎన్ని మైళ్లు నడిపించాలో కూడా అంచనా వేయించండి. చాలామంది పిల్లలు పాతికో ముప్పయ్యో అంటారు. అసలు నడక 10 నుంచి 15 మైళ్లే. అంతకంటే తోలితే గొడ్డు ఒళ్లు తగ్గి ధర పడిపోతుంది. మేపుకుంటూ నిదానంగా వెళితే ఒళ్లు నిలబడుతుంది. 1873లోనే హ్యూస్టన్ వైపు నుంచి వచ్చిన పట్టాలు డెనిసన్ దగ్గర ఉత్తరాది రైలుతో కలిశాయి. అయినా మందలు మరో పదేళ్లకు పైగా నడుస్తూనే వెళ్లాయి. కారణం ఇదే: కిరాయి కంటే కాలినడక చవక.

మ్యాపు మీద ఎక్కువగా జరిగే తప్పు అబిలీన్ దగ్గరే. టెక్సస్‌లోనూ ఒక అబిలీన్ ఉంది. రైలు వచ్చాక 1881లో వెలిసిన ఆ ఊరికి కాన్సస్ ఊరి పేరే పెట్టారు. పిల్లలు మందను నేరుగా అక్కడికి తోలేస్తారు. బాణం గుర్తు టెక్సస్ ఉత్తర హద్దైన రెడ్ రివర్ దాటి ఉత్తరానికి వెళ్లిందా లేదా చూడండి.

ప్రశ్న: పశువుల మందలు నడిపించడం ఆగిపోవడానికి ముళ్లకంచె కారణమని పుస్తకంలో ఉంది, రైలే కారణమని ఇంకోచోట చదివాం. పరీక్షలో ఏది రాయాలి? – ఒక తండ్రి, ఇర్వింగ్

రెండూ రాయాలి, మూడోది కూడా కలపాలి. జోసెఫ్ గ్లిడెన్ తయారుచేసిన ముళ్లతీగకు పేటెంటు వచ్చింది 1874లో. అది వచ్చాక ఊరికే దొరికే గడ్డికి, నీటికి హద్దులు పడ్డాయి. 1883 కరువులో నీటి గుంటలు కంచెల లోపల ఉండిపోయేసరికి, బయటివాళ్లు రాత్రివేళ తీగలు కత్తిరించారు, తుపాకులు పేలాయి. మరుసటి ఏడాది శాసనసభ కంచె కత్తిరించడాన్ని పెద్ద నేరం చేసింది. ప్రజల బాటకు అడ్డంగా కంచె వేసినవాళ్లు మూడు మైళ్లకొక గేటు పెట్టాలని కూడా చెప్పింది.

పుస్తకాలు తక్కువ చేసి చెప్పే మూడో కారణం పిడుదులు, అంటే గోమార్లు. టెక్సస్ పశువులకు పిడుదుల జ్వరం అలవాటై పెద్దగా హాని చేసేది కాదు. దారిలో రాలిన పిడుదులు పట్టిన కాన్సస్ పశువులు మాత్రం చచ్చేవి. అందుకే అక్కడి రైతులు టెక్సస్ మందల్ని అడ్డుకున్నారు, 1885లో కాన్సస్ తలుపులు పూర్తిగా మూసేసింది. ఆ జబ్బును మోసేది పిడుదేనని శాస్త్రవేత్తలు థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ 1893లో ప్రచురించారు. అప్పటికే దారులు మూతపడ్డాయి.

కంచెతో పాటు గాలిమరను కూడా చెప్పండి. ఆవిరి ఇంజన్లకు నీళ్లు కావాలి కాబట్టి రైలు కంపెనీలు పట్టాల వెంబడి గాలిమరలు పెట్టి తొట్లు నింపేవి. వాగులు లేని పడమటి పొలాల్లో రాంచర్లూ (పెద్ద ఎత్తున పశువులు పెంచేవాళ్లు) అదే పని చేశారు. సొంత నీరు లేకపోతే కంచె వేసిన బీడు ఎందుకూ పనికిరాదు.

ప్రశ్న: రైలు కంపెనీలకు భూమి ఇచ్చారంటారు. ఎంత, ఎక్కడ, ఎందుకు? మా బాబుకు బొమ్మ వేసి చూపించే మార్గం ఉందా? – ఒక పాఠకుడు, ఆస్టిన్

ఉంది, గళ్ల కాగితం చాలు. ముందు ఒక మాట. 1845లో అమెరికాలో చేరినప్పుడు టెక్సస్ తన ప్రభుత్వ భూముల్ని తనే ఉంచుకుంది. కాబట్టి ఇక్కడ భూమి పంచింది రాష్ట్రమే, వాషింగ్టన్ కాదు. చేతిలో డబ్బు లేదు, భూమి ఉంది. మైలు పట్టాలు వేసిన కంపెనీకి 16 సెక్షన్లు ఇచ్చింది. సెక్షన్ అంటే మైలు పొడవు, మైలు వెడల్పు, 640 ఎకరాలు. అంటే మైలుకు 10,240 ఎకరాలు. వంద మైళ్లు వేస్తే పది లక్షల ఎకరాలు దాటుతుంది. మొత్తమ్మీద దాదాపు 3 కోట్ల 20 లక్షల ఎకరాలు ఇలా వెళ్లాయి. ఇవ్వాల్సిన భూమి ఉన్న భూమిని మించిపోవడంతో 1882లో ఆపేశారు.

బొమ్మకు అడ్డం 8, నిలువు 4, మొత్తం 32 గళ్లు గీయించండి. మొదటి వరసకు ఎడమ నుంచి కుడికి 1 నుంచి 8, రెండో వరసకు కుడి నుంచి ఎడమకు 9 నుంచి 16, ఇలా మెలికలు తిప్పుతూ అంకెలు వేయాలి. బేసి అంకెలకు ఒక రంగు వేస్తే అది కంపెనీది, సరి అంకెలు బడుల నిధివి. 1876 రాజ్యాంగం ఆ సరి గళ్లను బడులకు కేటాయించింది. అన్ని వరసలూ ఎడమ నుంచే మొదలుపెడితే చదరంగం గళ్లకు బదులు నిలువు చారలు వస్తాయి. పిల్లలు తికమకపడేది అక్కడే.

ఇంకో పొరపాటు: కంపెనీ భూమంతా పట్టాల పక్కనే ఉందనుకోవడం. తూర్పున పట్టాలు వేసినా, భూమి పడమట ఖాళీ చోట ఇచ్చిన సందర్భాలు బోలెడు. మీరు ఆస్టిన్‌లోనే ఉన్నారు కాబట్టి క్యాపిటల్ భవనం దగ్గరకు తీసుకెళ్లి ఒకటి చెప్పండి. 1888లో పూర్తయిన ఆ కట్టడానికి కూలి డబ్బు రూపంలో కాదు, పాన్‌హ్యాండిల్ అనే టెక్సస్ ఉత్తర కొసలో 30 లక్షల ఎకరాల రూపంలో ఇచ్చారు. ఆ భూమే ఎక్స్‌ఐటీ రాంచ్ అయింది.

ప్రశ్న: వారాంతపు తరగతిలో పత్తి భాగం చెప్పాలి. మన పిల్లలకు పత్తి చేను ఎలా ఉంటుందో కూడా తెలీదు. చేతితో చేయించే పని ఏదైనా ఉందా? – ఒక టీచరమ్మ, ప్లేనో

ముందు కాళ్లకింద నేలతో మొదలుపెట్టండి. డాలస్ నుంచి ఆస్టిన్ వైపు సాగే బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ మన నల్లరేగడి జాతి నేలే. ఎండితే నెర్రెలు, తడిస్తే బంక. వేసవిలో ఇంటి పునాది చుట్టూ నీళ్లు పెట్టే తల్లిదండ్రులకు ఆ నేల సంగతి బాగా తెలుసు. పత్తి ఏరేది సెప్టెంబరు మొదలు. వాన పడితే బండి చక్రం ఆ బంకలో దిగబడేది. రైలు లేని రోజుల్లో దూరపు పొలంలో పత్తి వేయడం దండగ. 1872లో డాలస్‌కు రైలు వచ్చింది, మరుసటి ఏడు రెండోది. టెక్సస్ మొత్తమ్మీద 1869 పంట సుమారు 3.5 లక్షల బేళ్లయితే 1879 పంట 8 లక్షలు దాటింది. అదే సమయంలో స్టీమర్ల మీద బతికిన జెఫర్సన్ రేవు వెలవెలబోయింది.

ఇక చేతిపని. క్రాఫ్ట్ దుకాణాల్లో దొరికే పత్తికాయల కొమ్మలు తీసుకోండి. ఇరవై కాయల నుంచి సుమారు 90 గ్రాముల గింజపత్తి వస్తుంది. జట్టుకు ఐదు కాయలిచ్చి, గింజ నుంచి దూది వేరు చేయమనండి, గడియారం పెట్టండి. మొత్తం తూస్తే దూది దాదాపు 30 గ్రాములు, గింజలు 60. మూడో వంతే దూది. అందుకే 1,500 పౌండ్ల గింజపత్తి ఉంటే గానీ 500 పౌండ్ల బేలు కాదు. చేత్తో వేరు చేస్తే మనిషి రోజుకు ఒక పౌండు దూది తీయడమే గగనం. వంటింటి త్రాసు గ్రాము వరకు చూపించేదై ఉండాలి, లేకపోతే జట్టు లెక్కలు తేలవు. ఎండు కాయ అంచులు గుచ్చుకుంటాయి. అది పిల్లలకు తెలియనివ్వండి, ఏరేవాళ్ల వేళ్ల సంగతి అర్థమవుతుంది.

జిన్నింగ్ (యంత్రంతో గింజ తీయడం) తర్వాత బేలు ఇంకా వదులుగా ఉంటుంది. రైలు ఊళ్లలో కంప్రెస్ అనే ఆవిరి యంత్రం దాన్ని నొక్కి చిన్నది చేసేది. అప్పుడు ఒక రైలు పెట్టెలో ఎక్కువ బేళ్లు పట్టి కిరాయి కలిసొస్తుంది.

అసలు చెప్పాల్సింది మాత్రం పాలు లెక్క, అంటే సాగుచేసేవాడు, భూమి యజమాని పంట పంచుకునే లెక్క. దాన్ని వదిలేస్తే పత్తి కథ బేళ్ల గొప్పగానే మిగిలిపోతుంది. బోర్డు మీద వేయండి. సగం పాలుకు చేసేవాడి దగ్గర 20 ఎకరాలు, 7 బేళ్లు, అంటే 3,500 పౌండ్లు. పౌండు 11 సెంట్లయితే 385 డాలర్లు, అతని వాటా 192.50. దుకాణంలో ఏడాది పొడవునా అరువు తెచ్చింది 100 అనుకుంటే 92.50 మిగులుతుంది. 1890లలో ధర 5 సెంట్లకు దిగింది. అప్పుడు పంట 175 డాలర్లు, వాటా 87.50, ఇంకా 12.50 బాకీ. అరువు ఇచ్చేవాడు పంటనే తాకట్టు పెట్టించుకుని, పత్తే వేయమనేవాడు. అందరూ పత్తే వేస్తే ధర ఇంకా పడేది. 1900 నాటికి టెక్సస్ రైతుల్లో దాదాపు సగం మందికి సొంత భూమి లేదు. వాళ్లలో 1865 జూన్ 19న గాల్వెస్టన్‌లో బానిసత్వం నుంచి విముక్తి ప్రకటన విన్న నల్లజాతి కుటుంబాలూ ఉన్నాయి, పేద తెల్లవాళ్లూ ఉన్నారు. లాంపసస్ ప్రాంతంలో మొదలైన రైతుల అలయన్స్, రైలు కిరాయిల మీద కోపం, ఆ కిరాయిల్ని అదుపు చేయడానికి 1891లో వచ్చిన రైల్‌రోడ్ కమిషన్, అన్నీ ఈ బోర్డు లెక్కలోంచే పుట్టాయి.

ప్రశ్న: ‘ఖాళీ భూమిలో వచ్చి స్థిరపడ్డారు’ అని మా వాడి నోట్సులో ఉంది. అక్కడి మూలవాసులైన కొమాంచీల గురించి పన్నెండేళ్ల పిల్లాడికి ఎంతవరకు చెప్పొచ్చు? – ఒక తల్లి, హ్యూస్టన్

ఉన్నదంతా చెప్పండి. ‘ఖాళీ’ అన్న మాటను పిల్లాడితోనే కొట్టేయించండి. పాలో డ్యూరో లోయ ఒక్కదాన్నే తీసుకోండి. 1874 సెప్టెంబరు 28న అమెరికా సైన్యానికి చెందిన కల్నల్ మెకెంజీ దళం అక్కడి కొమాంచీ, కయోవా, చెయెన్ విడిదుల మీద పడింది. చలికాలానికి దాచుకున్న తిండిని, గుడారాలను తగలబెట్టింది, వెయ్యికి పైగా గుర్రాలను కాల్చి చంపింది. అక్కడ చనిపోయిన మనుషులు కొద్దిమందే. గుర్రాలు, తిండి పోయాక మైదానంలో బతకడం కుదరదు. కొమాంచీ నాయకుడు క్వానా పార్కర్ బృందం 1875 జూన్‌లో ఫోర్ట్ సిల్ సైనిక కోటలో లొంగిపోయింది. 1876లో రాంచర్ చార్ల్స్ గుడ్‌నైట్ అదే లోయలోకి పశువుల్ని దింపాడు. రెండేళ్ల తేడా. కొమాంచీల ప్రధాన ఆహారమైన బైసన్లను (అడవి దున్నలను) చర్మాల కోసం వేటాడి, ఆ చర్మాలను తూర్పుకు పంపడానికీ రైలే సాయపడింది. ఈ తేదీలు వరుసగా ఒక కాగితం మీద రాయిస్తే చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

ప్రశ్న: టెక్సస్ బ్రాహ్మన్ పశువుల్లో మన ఒంగోలు రక్తం ఉందంటారు. నిజమేనా? – ఒక పాఠకుడు, ఒంగోలు

నిజమే. గిర్, గుజెరాత్ (మన కాంక్రేజ్) జాతులతో పాటు, బయట నెల్లూరు పేరుతో పిలిచే ఒంగోలు జాతి కూడా అమెరికన్ బ్రాహ్మన్‌లో కలిసింది. ఎండకు, పిడుదులకు తట్టుకునే గుణం కోసమే మన పశువుల్ని తెప్పించుకున్నారు. 1906లో గల్ఫ్ తీరపు పియర్స్ రాంచ్ కోసం నేరుగా ఇండియా నుంచి ఒక మంద దిగుమతైంది. తర్వాత కింగ్ రాంచ్ తయారుచేసిన శాంటా జెర్ట్రూడిస్ జాతిలో ఎనిమిదింట మూడు వంతులు బ్రాహ్మన్, మిగతా ఐదు వంతులు షార్ట్‌హార్న్.

ప్రశ్న: సెలవుల్లో ఇవన్నీ చూపించాలంటే ఎక్కడికి వెళ్లాలి? – చాలామంది అడిగారు

ఒక్క రోజే ఉంటే ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్. రోజూ ఉదయం 11.30కి, సాయంత్రం 4కి లాంగ్‌హార్న్‌లను వీధిలో నడిపిస్తారు. బయల్దేరే ముందు వేళలు ఒకసారి సరిచూసుకోండి. నడిచేది చిన్న గుంపే కాబట్టి, 2,500 గొడ్ల మంద ఎంత పొడవు సాగేదో అక్కడే ఊహించమనండి. 1876లో రైలు, 1902 ప్రాంతంలో ఆర్మర్, స్విఫ్ట్ మాంసం కర్మాగారాలు ఈ ఊరిని నిలబెట్టాయి. పత్తికి బర్టన్ ఊరిలోని జిన్ మ్యూజియం మంచిది. హ్యూస్టన్, ఆస్టిన్ మధ్య దారిలో ఉంటుంది, 1914 నాటి జిన్ను అక్కడ నిలిపి ఉంచారు. లబ్బక్ వైపు వెళ్తే గాలిమరల మ్యూజియం, రాంచింగ్ హెరిటేజ్ సెంటర్ రెండూ ఒకే ఊళ్లో చూడొచ్చు. పాలో డ్యూరో అక్కడి నుంచి ఉత్తరాన రెండు గంటల లోపు ప్రయాణం. వేసవిలో లోయ అడుగున ఎండ తీవ్రంగా ఉంటుంది, పొద్దున్నే దిగి పదింటికల్లా పైకి వచ్చేయండి.