మీరడిగారు: ప్రధాని పదవి వద్దన్న పెదనాన్న

ప్రశ్న: 1989లో కాంగ్రెస్‌కి వ్యతిరేకంగా కూడిన పార్టీల కూటమి నేషనల్ ఫ్రంట్‌కి ఛైర్మన్ మన ఎన్టీఆర్. మరి ప్రధాని ఎవరనే దగ్గరకొచ్చేసరికి హర్యానా దేవీలాల్ పేరు ఎందుకొచ్చింది? ఆయన పదవి వద్దన్నది నిజమా, నాటకమా? (ఓ పాఠకుడు, తెనాలి)

జవాబు: నిజమూ, నాటకమూ కూడా. ఎన్టీఆర్ సంగతి ముందు చెప్పేస్తాను. ఛైర్మన్ ఆయనే గానీ ఆ ఎన్నికల్లో తెలుగుదేశం ఇక్కడే ఓడిపోయింది, లోక్‌సభకి ఇద్దరంటే ఇద్దరే వెళ్ళారు, కాబట్టి ఢిల్లీలో ఆయన మాటకి బరువు లేకుండా పోయింది. దేవీలాల్ పరిస్థితి దానికి పూర్తిగా తిరగబడి ఉంది. 1987లో హర్యానాలో కాంగ్రెస్‌ని 90 సీట్లలో 5కి దించి ముఖ్యమంత్రి అయిన మనిషి, రైతుల అప్పులు మాఫీ చేసి, 65 దాటిన ముసలివాళ్ళకి నెలకి 100 రూపాయల పింఛను ఇచ్చిన మనిషి. అక్కడి పల్లెల్లో ఆయన్ని ‘తావూ’ అంటారు, అంటే మన పెదనాన్న.

డిసెంబరు 1న పార్లమెంటు సెంట్రల్ హాల్లో జరిగింది చూడండి. వి.పి.సింగ్ లేచి దేవీలాల్ పేరు ప్రతిపాదించారు, చంద్రశేఖర్ బలపరిచారు, దేవీలాల్ ఎన్నికైనట్టు ప్రకటించేశారు కూడా. అంతలో పెదనాన్నగారు లేచి, నన్నందరూ తావూ అంటారు, తావూగానే ఉండనివ్వండి అని చెప్పి వి.పి.సింగ్ పేరు ప్రతిపాదించి కూర్చున్నారు. చంద్రశేఖర్ విసురుగా బయటికి వెళ్ళిపోయారు, ఎందుకంటే వి.పి.సింగ్‌ని ఆపడానికే ఆయన దీనికి ఒప్పుకున్నారు, దేవీలాల్ తప్పుకుని వి.పి.సింగ్‌కే ఇస్తారన్న లోపాయికారీ ఒప్పందం ఆయనకి చెప్పలేదు. అయినా నా లెక్కలో, ముందే మాట్లాడుకున్నా సరే, అందరూ చప్పట్లు కొడుతున్నప్పుడు చేతికొచ్చిన కుర్చీని పక్కవాడి వైపు జరపడం చిన్న పని కాదు.

ప్రశ్న: గవర్నర్ గడ్డం పట్టుకున్నది ఈయనేనా? (మిర్యాలగూడ)

జవాబు: ఈయనే. 1982లో హర్యానాలో ఎవరికీ మెజారిటీ రాలేదు. కాంగ్రెస్‌కి 36, దేవీలాల్ లోక్‌దళ్‌కి 31, పొత్తులో ఉన్న బీజేపీకి 6. గవర్నర్ తపాసే, మే 24న రా, నీ బలం చూపించు అని దేవీలాల్‌కి చెప్పి, 23నే కాంగ్రెస్ నాయకుడు భజన్‌లాల్ చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించేశారు. పెద్దాయన రాజ్‌భవన్‌కి వెళ్ళి తపాసే గడ్డం పట్టుకుని నిలదీశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. సమర్థించను గానీ, 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ని దించేసినప్పుడు మన వీధుల్లో జనానికొచ్చిన కోపం గుర్తుంటే ఆ చెయ్యి ఎందుకు లేచిందో అర్థమవుతుంది. ఎమ్మెల్యేలని హోటల్లో పెట్టి కాపలా కాయడం కూడా 1984లో ఎన్టీఆర్ ఎమ్మెల్యేలు కర్ణాటకలోని నంది హిల్స్‌కి వెళ్ళడానికి రెండేళ్ళ ముందే అక్కడ అయిపోయింది.

ప్రశ్న: రాజ్యాంగంలో ఉప ప్రధాని అనే పదవి ఉందా సార్? (పోటీ పరీక్షలకు చదువుతున్న విద్యార్థిని, ఒంగోలు)

జవాబు: లేదమ్మా. వి.పి.సింగ్ ప్రభుత్వంలో దేవీలాల్ ఉప ప్రధాని అయినప్పుడు, ప్రమాణంలో రాష్ట్రపతి వెంకట్రామన్ ‘మంత్రిగా’ అని చదివించబోతే దేవీలాల్ ‘ఉప ప్రధానిగా’ అన్నారు, రాష్ట్రపతి సరిదిద్దినా మళ్ళీ అదే అన్నారు. గొడవ సుప్రీంకోర్టుకెళ్తే, ఆ మాట వర్ణన మాత్రమే, ఆయన అందరిలాంటి మంత్రే, ప్రమాణం చెల్లుతుంది అని 1990లో తేల్చింది. పరీక్షకి ఇంతే చాలు.

ప్రశ్న: అంత త్యాగం చేసిన మనిషిని ఎనిమిది నెలలకే ఎందుకు తీసేశారు? (మొదటి ప్రశ్న పంపిన తెనాలి పాఠకుడే)

జవాబు: కొడుకు వల్ల. తాను ఢిల్లీకొస్తూ హర్యానా కుర్చీలో ఓంప్రకాశ్ చౌతాలాని కూర్చోబెట్టారు. కొడుకు ఎమ్మెల్యే కావాలి కదా, 1990 ఫిబ్రవరిలో హర్యానాలోని మెహమ్‌లో ఉప ఎన్నిక పెడితే పోలింగ్ బూత్‌ల ఆక్రమణ, కాల్పులు, చావులు. దేశమంతా ఛీ అన్నాక మేలో చౌతాలా దిగిపోయారు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది, జులైలో మళ్ళీ కుర్చీ ఎక్కించారు, కేంద్రంలో మంత్రులు రాజీనామాలకి దిగారు, కొద్ది రోజులకే మళ్ళీ దిగక తప్పలేదు. ప్రధాని పదవి వదులుకోగలిగిన మనిషి చండీగఢ్ కుర్చీ దగ్గర మాత్రం తండ్రి అయిపోయారు. ఆగస్టు 1న వి.పి.సింగ్ ఆయన్ని తొలగించారు. 9న దేవీలాల్ ఢిల్లీలో రైతుల సభ పెట్టుకున్నారు, దానికి రెండు రోజుల ముందు, 7న, వి.పి.సింగ్ మండల్ ప్రకటన చేశారు, అంటే వెనుకబడిన కులాలకి కేంద్ర ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇస్తామన్నారు. ఈ తేదీలు పక్కపక్కనే ఉండటం యాదృచ్ఛికం కాదని అప్పుడే చాలామంది అన్నారు, నేనూ అదే అంటాను, అయితే మండల్‌కి అదొక్కటే కారణమంటే మాత్రం ఒప్పుకోను.

తర్వాత చంద్రశేఖర్ ప్రభుత్వంలో మళ్ళీ ఉప ప్రధాని అయ్యారు గానీ అదీ నెలల ముచ్చటే. రోహ్‌తక్ లోక్‌సభ సీట్లో కాంగ్రెస్ అభ్యర్థి భూపీందర్ సింగ్ హుడా చేతిలో 1991, 1996, 1998 మూడుసార్లూ ఓడిపోయారు, ఆఖరిసారి తేడా 383 ఓట్లు. ఆ ఏడాదే రాజ్యసభకి వెళ్ళారు, 2001 ఏప్రిల్ 6న చనిపోయేదాకా అక్కడే ఉన్నారు.