పీహెచ్ 0.1 తగ్గితే ఆల్చిప్పలకి నిజంగా అంత నష్టమా?
తమ్ముడూ, సముద్రం పీహెచ్ 8.2 నుంచి 8.1కేగా తగ్గింది, దానికే ఆల్చిప్పలు చస్తాయా అని అడిగావు కదా, పీహెచ్ అంటే నీళ్ల ఆమ్లత్వం కొలత, అది తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు. పైగా అది లాగ్ స్కేలు, అంటే ఒక్క అంకె తగ్గితే పదింతల తేడా, అందుకే ఆ కాస్త తేడాకే ఆమ్లత్వాన్నిచ్చే హైడ్రోజన్ అయాన్లు దాదాపు 26 శాతం పెరుగుతాయి. పెద్దవి కొంత తట్టుకుంటాయి, అసలు దెబ్బ పిల్లలకే. మొదటి రెండు రోజుల్లోనే గుల్ల కట్టుకోవాలి, అప్పటికి తిండి తినడం కూడా రాదు, గుడ్డులో ఉన్న శక్తే దిక్కు, ఆ అయాన్లు పెరిగి నీళ్లల్లో గుల్లకి కావాల్సిన కార్బొనేట్ తక్కువైతే అదంతా గుల్లకే ఖర్చయిపోయి పాపం చచ్చిపోతాయి. అమెరికాలో ఒరెగాన్ తీరంలో విస్కీ క్రీక్ అనే ఆల్చిప్ప పిల్లల్ని పెంచే హ్యాచరీలో 2007, 2008ల్లో ఇదే జరిగింది, ముందు బాక్టీరియా అనుకున్నారు, తీరా చూస్తే లోతు నుంచి పైకొచ్చిన ఆమ్లపు నీళ్లు. తర్వాత ట్యాంకు నీళ్లల్లో సోడియం కార్బొనేట్, అదే మన బట్టల సోడా, కలపడం మొదలెట్టాక కోలుకున్నారు. నీ ప్రాజెక్టులో ఈ కేసే పెట్టు.