చెల్లని వివాహం తరువాత మఠ జీవితం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: సిస్టర్ గారికి వందనాలు. నా వయస్సు 34 ఏళ్లు. నా 26వ ఏట దేవాలయంలో, దివ్యబలిపూజలో నా వివాహం జరిగింది. తనకు సంతానం కలగదని వైద్యులు ముందే చెప్పిన సంగతిని ఆయన నా దగ్గర దాచిపెట్టారు. మూడేళ్ల తరువాత ఆ కాగితాలు నా కంటపడ్డాయి. విడాకులు వచ్చాయి, ఆ తరువాత మేత్రాసన న్యాయపీఠం (బిషప్ గారి పరిధిలోని చర్చి కోర్టు) కూడా ఆ వివాహం మొదటినుంచీ చెల్లలేదని తీర్పు ఇచ్చింది. రెండేళ్లుగా మఠంలో చేరాలన్న కోరిక నన్ను వదలడం లేదు. ఒక సన్యాసినుల సభకు ఉత్తరం రాస్తే, వివాహమైనవారిని తీసుకోమని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. చెల్లనే చెల్లని పెళ్లి గురించి ఇంకో సభకు చెప్పవలసిన అవసరం ఏముందని మా అక్క అంటోంది. పెళ్లి చెడిపోయిందని మఠానికి పారిపోతున్నావని అమ్మ కంటతడి పెడుతోంది. నేను చేరవచ్చునా?

సమాధానం: సోదరీ, చేరడానికి కథోలిక శ్రీసభ చట్టం మీకు అడ్డు చెప్పదు. 1983 నాటి శ్రీసభ చట్ట సంహితలోని 643వ నిబంధన, వివాహబంధం కొనసాగుతున్నంతకాలం భార్యను గానీ భర్తను గానీ మఠంలోని తొలి శిక్షణ దశ అయిన నొవిషియేట్‌లో చేర్చుకుంటే ఆ చేరిక చెల్లదని చెబుతుంది. భర్తను పోగొట్టుకున్న స్త్రీకి ఆ బంధం మరణంతో ముగిసింది. మీ విషయంలో అది ఏర్పడనే లేదని న్యాయపీఠం తేల్చింది. అందువల్ల ఈ నిబంధన మీకు వర్తించదు.

ఈ తీర్పును చాలామంది ‘చర్చి ఇచ్చే విడాకులు’ అంటారు, అది పొరపాటు. విడాకులు ఉన్న బంధాన్ని తెంచుతాయి. న్యాయపీఠం మాత్రం పెళ్లినాడు ఇద్దరూ ఇచ్చిన సమ్మతిలో బంధం పుట్టడానికి కావలసినది ఉన్నదా లేదా అని పరిశీలిస్తుంది. సంతానం కలగకపోవడం ఒక్కటే వివాహాన్ని చెల్లకుండా చేయదని 1084వ నిబంధన స్పష్టంగా చెబుతూనే, ఆ సంగతిని దాచి ఎదుటివారి సమ్మతిని రాబట్టడం వేరే విషయమని 1098వ నిబంధనను గుర్తు చేస్తుంది. మీ సమ్మతి అబద్ధం మీద నిలబడింది కాబట్టి అది నిలువలేదు. ఈ మాటను మనసులో ఉంచుకోండి, మీ అక్కగారి సలహా దగ్గర మళ్లీ దీని అవసరం వస్తుంది.

ఇక ఆ సభవారి జవాబు. ప్రతి సభకూ తన సొంత నియమావళి ఉంటుంది. సార్వత్రిక చట్టం పెట్టని షరతులను కూడా పెట్టుకునే హక్కు అదే 643వ నిబంధన వారికి ఇచ్చింది. కొన్ని సభలు వయస్సుకు పరిమితి పెడతాయి, కొన్ని ఒకసారి పెళ్లి పీటల మీద కూర్చున్నవారిని తీసుకోవు. వారికి ఆ హక్కు ఉంది. అయినా ఒక మనిషి జీవితాన్ని ఒక్క వాక్యంతో తిప్పి పంపడం నాకు బాధ కలిగించింది. అది ఆ ఇంటి నియమం మాత్రమే, మీకు దైవపిలుపు లేదన్న తీర్పుగా దాన్ని తీసుకోకండి. వివాహ జీవితం గడిపి వచ్చిన స్త్రీలు శ్రీసభకు కొత్తకాదు. పునీత జేన్ ఫ్రాన్సెస్ ద షాంటాల్ భర్తను పోగొట్టుకున్న తరువాత 1610లో పునీత ఫ్రాన్సిస్ ద సేల్స్‌తో కలిసి స్థాపించిన విజిటేషన్ సభ, కఠిన మఠాల్లో చోటు దొరకని వితంతువులకూ ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నవారికీ తలుపు తెరిచింది. వారు వితంతువులు, మీ పరిస్థితి వేరు, నిజమే. అయినా గృహజీవితం చూసిన మనిషి ప్రార్థనా జీవితానికి పనికిరాదన్న భావన శ్రీసభది కాదని చెప్పడానికి ఆ చరిత్ర చాలు. ఒక్క మార్గం విషయంలో మాత్రం ముందే హెచ్చరిస్తున్నాను. మఠంలో చేరకుండా బిషప్ గారి చేతుల మీదుగా జరిగే కన్యకల ప్రతిష్ఠకు, ఎన్నడూ వివాహం చేసుకోనివారై ఉండాలని 1970 నాటి ఆరాధనక్రమం అడుగుతుంది. కనుక మీరు సభల వైపే చూడడం మంచిది.

మీ అక్కగారు ప్రేమతోనే చెప్పి ఉంటారు, కానీ ఆ సలహా వినకండి. మొదట ఆచరణలోని సంగతి చెబుతాను. 645వ నిబంధన ప్రకారం నొవిషియేట్‌లో చేరేముందు జ్ఞానస్నానానికీ, భద్రమైన అభ్యంగనానికీ (కన్ఫర్మేషన్ సంస్కారానికీ), వివాహబంధం లేని స్థితికీ రుజువులు చూపాలి. మీ జ్ఞానస్నానం నమోదైన పుస్తకంలో మీ పేరు పక్కనే మీ వివాహమూ, అది చెల్లలేదన్న తీర్పూ రాసి ఉంటాయి. కొత్తగా తీసుకునే ధ్రువపత్రంలోకి ఆ రెండూ వస్తాయి. నేను శిక్షణ బాధ్యతలో ఉన్న రోజుల్లో ఒక అమ్మాయి అలాంటి పత్రాన్ని నా బల్ల మీద పెట్టి, మాట్లాడుతున్నంతసేపూ దాని అంచు మీదనుంచి బొటనవేలు తీయలేదు. ఆ వేలి కింద ఉన్నవి రెండు పంక్తులు. చివరికి ఆమె చేయి తీసి, ‘మీరు చదివేస్తే నాకు చెప్పే పని తప్పుతుందనుకున్నాను, కానీ నేనే చెబుతాను’ అన్నది. ఆ పూట ఆమె గురించి నాకు తెలిసినంత, తరువాతి ఆరు నెలల్లో కూడా తెలియలేదు.

అసలు విషయం పత్రాలకన్నా లోతైనది. 656వ నిబంధన ప్రకారం, బలవంతం, తీవ్రమైన భయం, మోసం లేకుండా చేసిన సన్యాస వ్రతాలే (దేవునికి ఇచ్చే మాటలే) చెల్లుతాయి. ఒక వ్యక్తి తన జీవితంలోని ముఖ్యమైన నిజాన్ని దాచి మీ సమ్మతిని తీసుకున్నందువల్ల మీ వివాహం నిలువలేదు. మీ జీవితంలోని ముఖ్యమైన నిజాన్ని దాచి మీరు ఒక సభ సమ్మతిని తీసుకుంటే, మీకు జరిగిన గాయాన్నే మీ చేతులతో ఇంకొకరికి చేసినట్లవుతుంది, మీ వ్రతాల మీద కూడా సందేహం పడుతుంది. వివాహబంధం లేదని తీర్పు చెప్పింది. ఆ మూడేళ్లు జరగలేదని మాత్రం ఏ తీర్పూ చెప్పలేదు. ఆ వంట, ఆ ఎదురుచూపు, ఆ కాగితాలు చేతికి దొరికిన రోజు మీ జీవితంలోవే. మఠానికి మీరు వాటితోనే వెళతారు.

అయితే చెప్పడమంటే అన్నీ పరచి పెట్టడం కాదు. వివాహం జరిగిందనీ, చెల్లలేదని తీర్పు వచ్చిందనీ, ఏ ఆధారం మీద వచ్చిందనీ మఠానికి అధిపతి అయిన పెద్దమ్మ గారికీ శిక్షణ బాధ్యురాలికీ చెప్పి, తీర్పు ప్రతిని చూపండి. అభ్యర్థికి తగిన ఆరోగ్యం, స్వభావం, పరిపక్వత ఉన్నాయో లేదో చూడవలసిన బాధ్యతను 642వ నిబంధన వారి మీద పెట్టింది కాబట్టి, అవసరమైతే మానసిక నిపుణుల దగ్గరకు పంపుతారు. దాన్ని అవమానంగా భావించకండి. సాక్షుల వాంగ్మూలాలు, పడకగది సంగతులు, ఆయన వైద్య వివరాలు ఎవరికీ ఇవ్వనక్కరలేదు. మనిషి ఆంతరంగికతను కాపాడే 220వ నిబంధన మీకూ ఉంది, ఆయనకూ ఉంది. తోటి అభ్యర్థులకు చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం.

మీ అమ్మగారి బాధను తేలికగా తీసుకోలేను. ఆమె అడుగుతున్న ప్రశ్ననే ఏ మంచి శిక్షకురాలైనా మిమ్మల్ని అడుగుతుంది. తీర్పు మిమ్మల్ని స్వేచ్ఛగా నిలబెట్టిందే గాని ఎటు నడవాలో చెప్పలేదు. మీరు మళ్లీ పెళ్లి చేసుకోవడానికి కూడా ఆ తీర్పే దారి ఇస్తుంది. ఆ దారిని నిజంగా చూసి, అదీ మంచిదేనని ఒప్పుకుని, అయినా దీనినే కోరుకుంటున్నారా? ఈ మధ్య మీ విచారణలో (మీ చర్చి పరిధిలో) జరిగిన ఒక పెళ్లి పూజను గుర్తు తెచ్చుకోండి. వధూవరులు మాట ఇచ్చుకుంటున్నప్పుడు వారికోసం ప్రార్థించగలిగారా, లేక లేచి బయటికి వెళ్లారా? సిస్టర్‌గా మీరు బలిపీఠానికి పూలు అలంకరించేది అలాంటి పెళ్లిళ్లకే, చదువు చెప్పేది ఆ ఇళ్ల పిల్లలకే. ఇంకొకటి కూడా చూసుకోండి: నమ్మినవారి చేతిలో మోసపోయినవారికి మఠంలో కష్టమయ్యేది బ్రహ్మచర్యం కన్నా విధేయత. పెద్దమ్మ గారు తలుపు వేసుకుని ఎవరితోనో మాట్లాడితే, తన గురించే ఏదో దాస్తున్నారని మనసు తల్లడిల్లుతుంది. లేచి బయటికి వెళ్లినా, మనసు తల్లడిల్లినా మీకు పిలుపు లేదని కాదు; ఇంకొంత కాలం కావాలని.

కాలం ఎలాగూ ఉంటుంది. నొవిషియేట్ కనీసం 12 నెలలు, ఆ తరువాత తాత్కాలిక వ్రతాలు మూడు నుంచి ఆరేళ్లు, అవసరమైతే తొమ్మిదేళ్ల వరకు. ఈ రోజు మొదలుపెట్టినా శాశ్వత వ్రతాల నాటికి మీరు 40 దగ్గరకు వస్తారు. ఈలోగా ఒకే ఆధ్యాత్మిక సలహాదారుని దగ్గర ఏడాదిపాటు క్రమంగా మాట్లాడండి. రెండు మూడు సభల ఇళ్లలో అతిథిగా ఉండి రండి. ఉత్తరాలు రాయకండి, వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పండి.

ప్రశ్న: నాకు విడాకులు వచ్చి నాలుగేళ్లయింది. న్యాయపీఠానికి వెళ్లలేదు. నేను మఠంలో చేరడానికి ఆయనకు అభ్యంతరం లేదు. ఇది సరిపోదా?

సమాధానం: సరిపోదు. పౌర న్యాయస్థానం ఇచ్చిన విడాకులు శ్రీసభ దృష్టిలో వివాహబంధాన్ని ముగించవు, ఇద్దరూ ఒప్పుకున్నా ముగియదు. ముందు మీ విచారణ గురువు ద్వారా న్యాయపీఠాన్ని ఆశ్రయించండి. ఫ్రాన్సిస్ పోపు గారు 2015లో చేసిన సంస్కరణ తరువాత రెండు న్యాయపీఠాలు ఒకే తీర్పు చెప్పాలన్న పాత నియమం తొలగింది కాబట్టి, మునుపటికన్నా ప్రక్రియ సులువైంది. అయితే తీర్పు మీరు కోరినట్లే రావాలని లేదు. వివాహం చెల్లుతుందని తేలితే దాన్ని కూడా స్వీకరించగలగాలి.

బంధం ఉండగానే పరిశుద్ధ పీఠం (రోములోని పోపు గారి అధికార పీఠం) అనుమతితో సన్యాసంలోకి వెళ్లినవారు చరిత్రలో ఉన్నారు గానీ, బహు అరుదు. కొర్నేలియా కానెలీ భర్త పియర్స్ కథోలిక గురువు (ఫాదర్) కావాలని కోరడంతో, రోములో వారిద్దరి ఎడబాటుకు అనుమతి లభించింది. ఆమె 1846లో ఇంగ్లండులో ఒక సభను స్థాపించారు. తరువాత ఆయన మనసు మారి, 1849లో తన భార్యను తనకు అప్పగించాలని అక్కడి న్యాయస్థానంలో దావా వేశారు. ఆయన పిల్లలను కూడా ఆమెకు దూరం చేశారు. ఒకరి అంగీకారం మీద ఇంత పెద్ద అడుగు వేయవద్దని నేను గట్టిగా చెప్పడానికి ఈ స్త్రీ పడిన వేదన ఒక కారణం.

ప్రశ్న: నా వయస్సు 38 ఏళ్లు. నా వివాహం చెల్లలేదని రెండేళ్ల క్రితం తీర్పు వచ్చింది. మాకు తొమ్మిదేళ్ల పాప. నా దగ్గరే, మా అమ్మగారి సంరక్షణలో పెరుగుతోంది. ఒక ఆశ్రమ సభలో సహోదరుడిగా చేరాలని ఉంది. పాపను అమ్మ చూసుకుంటానంటోంది. పెళ్లి చెల్లకపోతే పాప అక్రమ సంతానమవుతుందని ఒక బంధువు అన్న మాట కూడా నన్ను బాధిస్తోంది.

సమాధానం: ఆ బంధువు మాటను ముందుగా తీసి పక్కన పెట్టండి. ఇద్దరిలో ఒక్కరైనా నిజమైన వివాహమని నమ్మి చేసుకున్న పెళ్లి తరువాత చెల్లదని తేలినా, అందులో పుట్టిన బిడ్డ సక్రమ సంతానమేనని 1137వ నిబంధన చెబుతుంది. పాప చెవిన ఆ మాట పడి ఉంటే, అది నిజం కాదని మీ నోటితోనే చెప్పండి.

మీ కోరిక విషయంలో మాత్రం, సోదరా, ఇప్పుడు వద్దనే చెబుతాను. వివాహం చెల్లదన్న తీర్పు తండ్రి బాధ్యతను రద్దు చేయదు. పిల్లల పోషణ విషయంలో ఉన్న నైతిక, పౌర బాధ్యతలను ఆ తీర్పులోనే గుర్తు చేయాలని చట్టం న్యాయపీఠాన్ని ఆదేశిస్తుంది. మొదటి వ్రతాలకు ముందే మీ ఆస్తి నిర్వహణను ఇంకొకరికి అప్పగించాలి, ఆ తరువాత మీరు సంపాదించేది సభకు చెందుతుంది. పాప బడి రుసుముకు, జ్వరం వస్తే మందుకు మీ చేతిలో డబ్బు ఉండదు, పక్కన కూర్చోవడానికి అనుమతి అడగాలి. వయస్సు మీరిన మీ అమ్మగారు ఇంకా ఎంతకాలం చూడగలరు? బాధ్యతగల ఏ సభ అయినా ఇదే చెబుతుంది.

పునీత మరియ గుయార్ట్ తన 11 ఏళ్ల కొడుకు క్లోదును సోదరి కుటుంబానికి అప్పగించి 1631లో ఉర్సులైన్ మఠంలో చేరిన సంగతిని మీకు ఎవరైనా చెప్పి ఉండవచ్చు. ఆ పిల్లవాడు బడి స్నేహితులను వెంటబెట్టుకుని మఠం వాకిట్లోకి వచ్చి, మా అమ్మను నాకు ఇచ్చేయండని ఏడ్చాడు. అతడు పెద్దయ్యాక బెనెడిక్టు సభలో చేరాడు, తల్లీ కొడుకులు జీవితాంతం ఉత్తరాలు రాసుకున్నారు, 2014లో శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. అయినా ఆ కథ చదివిన ప్రతిసారీ నా చెవిలో నిలిచేది ఆ వాకిట్లోని ఏడుపే. ఆమెను అనుకరించమని నేను ఏ తండ్రికీ చెప్పలేను.

పాప పెద్దదై తన కాళ్ల మీద నిలబడే నాటికి మీకు 50 దగ్గరపడుతుంది, చాలా సభలు అప్పటికి తీసుకోకపోవచ్చు. ఆ నష్టం నిజమైనదే, దాన్ని దాచను. కానీ ఆ వయస్సువారిని స్వీకరించే ఆశ్రమాలు కొన్ని ఉన్నాయి. ఈలోగా ఫ్రాన్సిస్కన్ లేదా కార్మెల్ గృహస్థ శాఖలో చేరి ఇంట్లోనే ప్రార్థన క్రమాన్ని పాటించవచ్చు. ఉదయపు స్తుతి ప్రార్థనను పాప బడికి తయారయ్యేలోపు ముగించుకోండి. జడ వేయడం రాకపోతే మీ అమ్మగారి దగ్గర నేర్చుకోండి.