కొత్త బీరువా ఘాటు వాసన: సమాధానం

అక్కా, మిర్యాలగూడలో కొత్తగా చేయించిన ప్లైవుడ్ బీరువా తెరిస్తే కళ్ళు మండుతున్నాయని, లోపల పెట్టిన పాప బట్టలకూ ఆ ఘాటు పట్టిందని రాశారు. అది చాలావరకు ప్లైవుడ్ జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువు. వేడికి ఇంకా ఎక్కువ వదులుతుంది, మన నల్గొండ ఎండల సంగతి తెలిసిందే కదా. అగరుబత్తి, సెంటు వద్దు, వాసనను కప్పుతాయే తప్ప పోగొట్టవు. అరలన్నీ ఖాళీ చేసి, తలుపులు బార్లా తెరిచి, గాలి కిటికీలోంచి బయటికి పోయేలా టేబుల్ ఫ్యాన్ పెట్టండి. కొన్ని వారాలు పడుతుంది, టెన్షన్ పడకండి. అరల వెనక అంచులు చేత్తో తడిమి చూడండి. సన్‌మైకా లేకుండా ఉత్త చెక్క గరుకుగా తగిలితే వాసన ఎక్కువగా అక్కడి నుంచే. వడ్రంగితో ఆ అంచులకు పట్టీ వేయించండి. ఫార్మాల్డిహైడ్ నీళ్ళలో కరుగుతుంది కాబట్టి బట్టలు ఉతికితే చాలు. వాసన పోయేదాకా పాపను మాత్రం బీరువా ఉన్న గదిలో పడుకోబెట్టకండి.