పాత తారును కొత్త రోడ్డులో కలపబోయే మేనల్లుడికి

హైదరాబాద్

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. మీ పనిలో పాత తారు పొరను మిల్లింగ్ చేసి, అంటే యంత్రంతో గీకి తీసి, ఆ సరుకునే కొత్త మిశ్రమంలో కలపాలని నిర్ణయించారనీ, ఎంత శాతం వేయవచ్చో చెప్పమనీ రాశావు. శాతం సంగతి తరువాత చెబుతాను. ముందు నువ్వు కలపబోయేది ఏమిటో నీకు తెలియాలి.

క్వారీ కంకర ఇవాళ ఎలా ఉందో రేపూ దాదాపు అలాగే వస్తుంది. పాత రోడ్డు అలా కాదు. మన వీధులను మంచినీటి పైపు కోసం ఒకసారి, కేబుల్ కోసం మరోసారి తవ్వి, ఒకచోట కాంక్రీటుతో, ఇంకొకచోట మట్టితో పూడ్చి ఉంటారు. మిల్లింగ్ యంత్రానికి ఆ తేడా తెలియదు. అన్నిటినీ కలిపి టిప్పర్‌లో పోస్తుంది. కాబట్టి యంత్రం దిగకముందే రోడ్డు పొడవునా నడిచి, కోర్లు (రోడ్డును గుండ్రంగా తొలిచి తీసే నమూనాలు) తీయించి, అతుకులున్న చోట్ల సరుకును విడిగా పోయించు.

తెచ్చిన సరుకును జల్లించి సన్నం, ముతక వేరు చేయించు. సన్నపు భాగంలో తారు ఎక్కువగా ఉంటుంది, దుమ్మూ ఎక్కువే. రెండూ ఒకే కుప్పలో ఉంటే ఒక్కో లోడు ఒక్కో తీరుగా వస్తుంది. కుప్పను రేకుల షెడ్డు కింద ఉంచు. నేను ఒక వానాకాలం టార్పాలిన్ కప్పి నిశ్చింతగా ఉన్నాను, లోపలి చెమ్మ బయటికి పోక సరుకంతా తడిసే ఉంది. టన్నులో 5 శాతం తేమ అంటే 50 లీటర్ల నీరు. దాన్ని ఆవిరి చేయడానికి కాలిన డీజిల్ లెక్క చూశాక, పాత తారుతో ఆదా అవుతుందని పైవాళ్లకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ప్లాంటులో పాత సరుకుకు మంట నేరుగా తగలకూడదు. కంకరను వేడిచేసే డ్రమ్ము మధ్యలోంచి దాన్ని వేసే ఏర్పాటు ఉందో లేదో చూడు. చిమ్నీలోంచి నీలిపొగ వస్తే తారు కాలిపోతోందని అర్థం.

ఏళ్ల తరబడి ఎండకూ గాలికీ ఉన్న తారు గట్టిపడి పెళుసుగా మారుతుంది. దాన్ని వేరుచేసి గుణం పరీక్షించాకే కొత్త తారు ఏ గ్రేడో తేల్చుకో. పాత సరుకు ఎక్కువగా వేసేటప్పుడు మామూలుగా వాడే వీజీ-30 గ్రేడు తారుకు బదులు మెత్తనిది అవసరం కావచ్చు. టన్ను మిశ్రమంలో 200 కిలోల పాత సరుకు, అందులో 4.5 శాతం తారు ఉంటే 9 కిలోలు వస్తుంది. అదంతా కరిగి కొత్త తారులో కలుస్తుందని మాత్రం లెక్క వేయకు. అన్నట్టు, మన గ్రానైట్‌కు తారుకన్నా నీటిమీదే మక్కువ ఎక్కువ. నీటి ప్రభావ పరీక్షలో తన్యబల నిష్పత్తి, అంటే పొడి నమూనా బలంతో పోలిస్తే తడిపిన నమూనాకు మిగిలే బలం, 80 శాతంకన్నా తక్కువైతే సున్నం కలపడం గురించి ఆలోచించు.

ఇక శాతం. పాత తారు పునర్వినియోగంపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం ఐఆర్‌సీ 120 దగ్గర పెట్టుకో, కానీ అది అనుమతించే హద్దును మొదటి పనిలోనే తాకాలని చూడకు. నేనైతే కింది డీబీఎం (పై పొర కింద వేసే దట్టమైన తారు-కంకర) పొరలో 15 శాతంతో మొదలుపెడతాను, పై పొర జోలికి పోను. ఈ మిశ్రమం త్వరగా బిగుసుకుంటుంది. ప్లాంటు నుంచి వచ్చే టిప్పర్ ట్రాఫిక్‌లో చిక్కితే రోలర్ ఎంత తిరిగినా ఫలితం ఉండదు. రాత్రిపూటే వేయించు. 90 డిగ్రీలకు దిగేలోపు రోలింగ్ పూర్తికావాలి.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఖర్చు తగ్గడం కాదు. 40 మిల్లీమీటర్లు తీసి 40 వేస్తే రోడ్డు ఎత్తు పెరగదు. పొరమీద పొర వేసుకుంటూ పోయినందువల్ల పాత బస్తీల్లో ఎన్ని గడపలు రోడ్డుకన్నా దిగువకు పోయాయో, వానపడినప్పుడు వెళ్లి చూస్తే నీకే తెలుస్తుంది.

మొదటి రోజు నమూనాల మార్షల్ పరీక్ష (మిశ్రమం బలాన్ని కొలిచేది) ఫలితాలు రాగానే నాకు పంపు. కుప్ప తేమ ఎంతో కూడా రాయి.

ఇట్లు,
నీ మేనమామ