హెస్టర్ ఎదపై ఎర్ర అక్షరం పాపానికి గుర్తు మాత్రమేనా?

గుంటూరు బ్రాడీపేటలో డిగ్రీ విద్యార్థులకు ‘ద స్కార్లెట్ లెటర్’ చెబుతుంటే ఏటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది.

మాత్రమే కాదు. నథానియల్ హాథార్న్ 1850లో వెలువరించిన ఈ నవలలో, బోస్టన్ ప్యూరిటన్లు, అంటే కఠిన నియమాల ప్రొటెస్టంట్ క్రైస్తవులు, వ్యభిచార నేరానికి శిక్షగా నాయిక హెస్టర్‌ను ‘ఏ’ (అడల్టరీ, అంటే వ్యభిచారం) అక్షరం ధరించమంటారు. ఆమె దాన్ని బంగారు దారంతో అల్లికపని చేసి మరీ కుట్టుకుంటుంది. నాకు ఈ వివరమే ప్రాణం: శిక్ష ఊరిది, పనితనం ఆమెది. ఏళ్ల తరబడి ఆమె చేసిన సేవ చూశాక, జనమే దాన్ని ‘ఏబుల్’, అంటే సమర్థురాలు, అని చదువుకుంటారు.

హెస్టర్ బిడ్డకు తండ్రి, మతబోధకుడు డిమ్స్‌డేల్ కథ వేరు. తప్పు బయటపడిన హెస్టర్ నిలదొక్కుకుంటుంది, దాచుకున్న అతడు లోలోపల కృశించిపోతాడు. ‘నలుగురిలో తలెత్తుకోలేం’ అన్న మాట వింటూ పెరిగిన మన పిల్లలకు ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

నేరస్థులను జనం ముందు నిలబెట్టే శిక్షావేదిక నవలలో మూడుసార్లు వస్తుంది. రెండోదాన్ని మాత్రం నిదానంగా చదవండి. అర్ధరాత్రి, జనం లేనప్పుడు, డిమ్స్‌డేల్ దానిపైకి ఎక్కుతాడు. రేపు మధ్యాహ్నం అమ్మతో, నాతో ఇక్కడ నిలబడతావా అని హెస్టర్ కూతురు, చిన్నారి పెర్ల్ అడుగుతుంది. అతడు ఒప్పుకోలేకపోతాడు.