బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే డేటా తయారీ: ప్రాజెక్టుగా నిలబడుతుందా, ఉద్యోగానికి పనికివస్తుందా?

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మూడు ఓపెన్ సోర్స్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్లను పోల్చాలని ప్రాజెక్టు మొదలుపెట్టాను. నా ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైళ్లతో పరీక్షిస్తే ప్రతి వారం ఫలితం మారుతోంది. నా స్నేహితుడు తన కంప్యూటర్‌లో చేస్తే నా ఫలితాలతో పొంతనే ఉండటం లేదు. అందువల్ల పరీక్షకు కావలసిన ఫైళ్లను తయారు చేసే ప్రోగ్రామ్ రాయడం ప్రారంభించాను, ఇప్పుడు సమయమంతా దానికే సరిపోతోంది, అంతు కనబడటం లేదు. అసలు పని వదిలేసి కొసరు పని పట్టుకున్నానని, ఇది ఉద్యోగానికి పనికిరాదని తోటివాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు కొసరు అనుకుంటున్నదే అసలైన ప్రాజెక్టు. దాని పేరును, గురిని మార్చుకుని ముందుకు సాగండి. మూడు సాఫ్ట్‌వేర్లలో ఏది మెరుగైనదన్న ప్రశ్నకు మీరు చెప్పే సమాధానం వాటి తర్వాతి వెర్షన్ వచ్చేంతవరకే నిలుస్తుంది. రెస్టిక్ అనే ఓపెన్ సోర్స్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌నే చూడండి: 2022లో విడుదలైన 0.14 వెర్షన్‌తో దానికి కంప్రెషన్ (డేటాను కుదించే) సౌకర్యం చేరింది, దాంతో అంతకుముందు జరిగిన పరిమాణపు పోలికలు పాతబడిపోయాయి. కానీ ఒక చిన్న ప్రోగ్రామ్‌ను, ఒక సంఖ్యను ఇచ్చి, ‘దీన్ని నడిపితే ఏ కంప్యూటర్‌లోనైనా బైటు తేడా లేకుండా ఇవే ఫైళ్లు పుడతాయి’ అని మీరు చెప్పగలిగితే, కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఎవరైనా ఆ పోలికను మళ్లీ చేసుకోగలరు. మీ ఫలితాన్ని నమ్మనివారు కూడా తమంతట తామే సరిచూసుకోగలరు.

సొంత ఫైళ్లతో చేసిన పరీక్ష ఎందుకు నిలబడలేదో మీరు ఇప్పటికే గ్రహించారు. అవి రోజూ మారతాయి, వాటిలో వ్యక్తిగత విషయాలుంటాయి, కాబట్టి ఇతరులకు ఇవ్వలేరు. అందరికీ అందుబాటులో ఉన్న నమూనా సంకలనాలు కొన్ని ఉన్నాయి. కంప్రెషన్ పరీక్షలకు 2003 నుంచి వాడుతున్న సైలీషియా కార్పస్‌లో 12 ఫైళ్లు, సుమారు 21 కోట్ల 20 లక్షల బైట్ల డేటా ఉన్నాయి. కంప్రెషన్‌కు అది చక్కని కొలబద్ద, కానీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను ఇబ్బంది పెట్టేవి వేరు: లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు, లోతైన ఫోల్డర్లు, రోజురోజుకూ జరిగే మార్పులు. లైనక్స్ కెర్నల్ సోర్స్ కోడ్ వరుస వెర్షన్లను తీసుకుంటే మార్పులు దొరుకుతాయి గానీ, అదంతా ఒకే తరహా పాఠ్యం. వీటిని మీ డేటాకు తోడుగా ఉంచుకోండి, బదులుగా మాత్రం కాదు.

ఇక తయారీలో మొదటి చిక్కు ఫైళ్ల లోపలి సరుకు గురించినది. ఫైళ్లన్నీ సున్నాలతో నింపితే కంప్రెషన్ వాటిని దాదాపు ఏమీ లేకుండా చేస్తుంది, ఒకే ముక్క పదే పదే వస్తే ఒక్కసారే దాచే డీడూప్లికేషన్ కూడా వాటిని మింగేస్తుంది. అన్నీ యాదృచ్ఛిక బైట్లయితే ఏ సాఫ్ట్‌వేరూ వాటిని ఒక్క శాతం కూడా కుదించలేదు. వాస్తవ డేటా ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉంటుంది, కాబట్టి ఎంత భాగం కుదించదగినది, ఎంత భాగం పునరావృతమైనది అన్న రెండు పాళ్లనూ విడివిడిగా నిర్ణయించే వీలు మీ ప్రోగ్రామ్‌లో ఉండాలి. డిస్కుల పరీక్షకు వాడే ఫియో అనే సాధనంలో ఈ రెండింటికీ వేర్వేరు ఆప్షన్లున్నాయి, వాటిని చదివితే మీ రూపకల్పనకు దారి దొరుకుతుంది. ఇక్కడే ఒక మెలకువ చెబుతాను. జీజిప్ అనే కంప్రెషన్ సాధనం వాడే డిఫ్లేట్ పద్ధతి వెనుకకు 32 కిలోబైట్ల వరకే చూస్తుంది. మీరు కుదించ వీలులేని ఒక పెద్ద ముక్కను సృష్టించి, దాన్ని అంతకంటే చాలా దూరంలో, మరో ఫైల్లో యథాతథంగా మళ్లీ ఉంచితే, డిఫ్లేట్ ఆ పోలికను గుర్తించదు, డీడూప్లికేషన్ గుర్తిస్తుంది. ఆదా అయిన స్థలంలో ఏ వాటా ఏ పద్ధతి వల్ల వచ్చిందో ఇలా వేరుచేసి చూపగలిగిన విద్యార్థిని ఏ పరీక్షకుడూ తేలికగా తీసుకోడు.

రెండో చిక్కు, నా దృష్టిలో అతి ముఖ్యమైనది, సీడ్‌కు, అంటే యాదృచ్ఛిక సంఖ్యల తయారీకి మొదట ఇచ్చే సంఖ్యకు సంబంధించినది. ఒకే సీడ్ ఇస్తే ఒకే యాదృచ్ఛిక సంఖ్యల వరుస వస్తుందని పాఠాల్లో చదివి ఉంటారు. ఆ మాటకు కొన్ని పరిమితులున్నాయి. పైథాన్‌లోని రాండమ్ మాడ్యూల్‌లో, అదే సీడ్‌కు అదే వరుస వస్తుందని వెర్షన్ల మధ్య హామీ ఉన్నది రాండమ్ అనే ఒక్క ఫంక్షన్‌కే. జాబితాను కలగలిపేవి, అందులోంచి ఎంపిక చేసేవి అయిన ఇతర ఫంక్షన్ల లెక్క వెర్షన్‌తో పాటు మారవచ్చునని దాని డాక్యుమెంటేషనే చెబుతోంది. పైథాన్ 3.3 నుంచి స్ట్రింగ్‌ల (అక్షరాల వరుసల) హ్యాష్ విలువ, అంటే వాటి నుంచి లెక్కించే గుర్తింపు సంఖ్య, ప్రోగ్రామ్ నడిచిన ప్రతిసారీ మారుతుంది, కనుక ఫైల్ పేరు హ్యాష్‌ను సీడ్‌గా వాడితే మీ పునాదే కదిలిపోతుంది. ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా ఏ క్రమంలో వస్తుందన్నది ఫైల్ సిస్టమ్ ఇష్టం, కాబట్టి ఆ జాబితాను అక్షరక్రమంలో పేర్చనిదే వాడకూడదు. ఫైళ్ల పరిమాణాలను లాగరిథమ్ సూత్రంతో లెక్కిస్తే వేర్వేరు యంత్రాల్లో దశాంశాల చివరి అంకెలు తేడా రావచ్చు, అప్పుడు ఒక ఫైలు ఒక్క బైటు పెరిగినా మొత్తం సరిపోలదు. పూర్ణసంఖ్యల పట్టిక నుంచి పరిమాణాలను ఎంచుకుంటే ఈ బెడద ఉండదు.

వీటన్నిటికీ నేను సూచించే మార్గం ఒకటే. మూలసీడ్‌ను, ఫైల్ దారిని (పాత్) కలిపి షా-256 అనే ప్రామాణిక పద్ధతితో హ్యాష్ చేయండి, వచ్చినదాన్ని ఆ ఫైలుకు సొంత తాళంచెవిగా తీసుకోండి, ఆ తాళంచెవితో ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ ప్రమాణపు కౌంటర్ పద్ధతిలో సున్నాలను ఎన్‌క్రిప్ట్ చేస్తే ఎంత పొడవైన బైట్ల వరుసైనా వస్తుంది. ఏఈఎస్ ప్రమాణబద్ధమైనది కాబట్టి ఏ భాషలో రాసినా, ఏ వెర్షన్‌లో నడిపినా అదే ఫలితం. ప్రతి ఫైలుకూ సొంత సీడ్ ఉండటం వల్ల ఫైళ్లను ఏ క్రమంలో సృష్టించినా, ఎనిమిది థ్రెడ్లు ఒకేసారి పనిచేసినా తేడా రాదు. మధ్యలో ఒక్క ఫైలునే మళ్లీ పుట్టించుకోవచ్చు కూడా.

ఫైళ్ల పరిమాణాల విషయానికి వస్తే, చాలా ఫైళ్లు చిన్నవి, స్థలంలో అధికభాగం మాత్రం కొద్దిపాటి పెద్ద ఫైళ్లదే. మైక్రోసాఫ్ట్‌లో 2000 నుంచి 2004 వరకు 60 వేలకు పైగా ఫైల్ సిస్టమ్‌లను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం, 2009లో వచ్చిన ఇంప్రెషన్స్ అనే ఫైల్ సిస్టమ్ నమూనాల తయారీ సాధనం మీకు ముందు నడిచిన బాటలు. వాటిని చదివి, మీ పట్టికను ఏ ఆధారంతో ఎంచుకున్నారో రిపోర్టులో రాయండి.

బ్యాకప్ అనేది ఒక్కరోజు పని కాదు గనుక, మీ డేటాకు రెండో రోజు, మూడో రోజు కూడా ఉండాలి. ఒక లాగ్ ఫైలు చివర వరుసలు చేరడం, డేటాబేస్ ఫైలు మధ్యలో కొన్ని బ్లాకులు మారడం, ఒక ఫోల్డర్ పేరు మారడం, కొన్ని ఫైళ్లు తొలగిపోవడం వంటి మార్పులన్నీ సీడ్ నుంచే పుట్టాలి. వీటిలో నేను తప్పక పెట్టమనేది, పెద్ద ఫైలు మొట్టమొదట ఒకే ఒక్క బైటు చేర్చడం. స్థిరమైన కొలతతో ముక్కలు చేసే సాఫ్ట్‌వేర్‌కు ఆ ఒక్క బైటుతో ముక్కలన్నీ జరిగిపోయి, ఫైలంతా కొత్తదిగా కనిపిస్తుంది. ఫైల్లోని బైట్లను బట్టి ముక్క హద్దును నిర్ణయించే సాఫ్ట్‌వేర్ మొదటి ముక్కను మాత్రమే కొత్తగా దాచుకుంటుంది. రెస్టిక్ ఈ రెండో పద్ధతినే వాడుతుంది, దాని ముక్క సగటున 1 మెబిబైట్ ఉంటుంది. అయితే రెండో రోజు డేటాను మొదటినుంచీ మళ్లీ సృష్టించకండి, మొదటి రోజు ఫోల్డర్‌పైనే మార్పులు చేయండి. రెస్టిక్, బోర్గ్ వంటి బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు ఫైలు మారిందో లేదో తేల్చడానికి ఐనోడ్ సంఖ్యను (ఫైల్ సిస్టమ్ ఫైలుకిచ్చే గుర్తింపు సంఖ్య), సీటైమ్‌ను (ఫైలు లేదా దాని వివరాలు చివరిసారి మారిన సమయం) కూడా చూస్తాయి. సీటైమ్‌ను వాడుకదారుడు తాను కోరిన విలువకు మార్చలేడు. కనుక కొత్తగా సృష్టించిన ప్రతి ఫైలూ వాటికి మారిన ఫైలుగానే కనిపించి, మీరు కొలిచిన సమయం అర్థం లేనిదవుతుంది.

డేటా అచ్చంగా ఒకటే అయినా ఫలితాలు కొద్దిగా తేడా రావచ్చని ముందే తెలుసుకోండి. రెస్టిక్ ప్రతి కొత్త రిపాజిటరీకి (బ్యాకప్‌లు దాచే చోటుకు) ముక్కల హద్దులు నిర్ణయించే బహుపదిని యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది, అందువల్ల అదే డేటాకు రెండు రిపాజిటరీల పరిమాణాలు సరిగ్గా సమానం కావు. ఒక రిపాజిటరీ నుంచి ఆ అమరికను మరొకదానికి తెచ్చుకునే ఆప్షన్ అందులో ఉంది. అది వాడండి, లేదా అనేకసార్లు నడిపి మధ్యగతాన్ని, కనిష్ఠ గరిష్ఠాలను ఇవ్వండి.

ఫైళ్ల పేర్లను, లింకులను నిర్లక్ష్యం చేయవద్దు. ఖాళీ ఫైలు, హార్డ్ లింకు (అదే ఫైలుకు మరో పేరు), ఎక్కడికీ దారితీయని సింబాలిక్ లింకు (మరో ఫైలు దారిని చూపే లింకు), మధ్యలో ఖాళీలున్న స్పార్స్ ఫైలు కనీసం ఒక్కొక్కటైనా ఉండాలి. పేర్లలో తెలుగు కూడా ఉండాలని కోరుతున్నాను, కారణం అభిమానం మాత్రమే కాదు. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో పేరుకు 255 బైట్ల హద్దు ఉంది, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి కాబట్టి 85 సంకేతాలతోనే హద్దు చేరుకుంటాం. అంతేకాక ‘పైరు’ అనే పేరులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం గుర్తు, దాని కింది గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, లైనక్స్‌కు రెండు వేర్వేరు ఫైళ్లు. ఒకే ఫోల్డర్‌లో ఆ రెండింటినీ ఉంచి, తిరిగి రీస్టోర్ చేశాక రెండూ దక్కాయో లేదో చూడండి.

రీస్టోర్ మాట వచ్చింది కాబట్టి ఇది గట్టిగా చెబుతాను: బ్యాకప్ తీసిన వేగాన్ని మాత్రమే కొలిచి ఊరుకోకండి. డేటా పుట్టినప్పుడే ప్రతి ఫైలు దారి, పరిమాణం, అనుమతులు, మార్పు సమయం, షా-256 విలువ ఉన్న ఒక పట్టికను మీ ప్రోగ్రామ్ రాయాలి, రీస్టోర్ అయిన ఫోల్డర్‌ను ఆ పట్టికతో సరిపోల్చాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో పొరపాటున ప్రధాన డేటాబేస్ ఫైళ్లు తొలగిపోయినప్పుడు, డేటాబేస్‌ను రోజూ ఫైలుగా రాసుకునే డంపు వెర్షన్ తేడా వల్ల విఫలమవుతూ వచ్చిందని, ఆ వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్లు ఎవరికీ చేరలేదని అప్పుడే బయటపడింది. సుమారు 6 గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణపు డేటా నకలు) వారిని ఆదుకుంది. ఈ వివరాలను ఆ సంస్థే బహిరంగంగా ప్రకటించింది.

ఇక ఉద్యోగం సంగతి. ‘బ్యాకప్ పరీక్షకుడు’ అన్న పేరుతో ఖాళీల కోసం వెతికితే మీకు నిరాశ కలగవచ్చు. స్టోరేజ్ సంస్థల్లో టెస్ట్ ఆటోమేషన్ ఇంజినీరు, డేటాబేస్ సంస్థల్లో పర్ఫార్మెన్స్ ఇంజినీరు, క్లౌడ్ సేవల్లో సైట్ రిలయబిలిటీ ఇంజినీరు అన్న పేర్లతో వెతకండి, ఈ మూడింటికీ మీరు చేస్తున్న పని నేరుగా సంబంధించినదే. సీడ్‌తో పుట్టిన పరీక్షలో వైఫల్యం కనబడితే అదే సీడ్‌తో దాన్ని మళ్లీ రప్పించడం పైథాన్‌లోని హైపోథిసిస్ వంటి ప్రాపర్టీ ఆధారిత పరీక్షా సాధనాలకూ (యాదృచ్ఛిక ఇన్‌పుట్లతో ప్రోగ్రామ్ నియమాలను పరీక్షించేవి), ఫౌండేషన్‌డీబీ డేటాబేస్‌ను పరీక్షించే సిమ్యులేషన్ పద్ధతికీ మూలసూత్రం. మీ రెజ్యూమెలో మూడు సాఫ్ట్‌వేర్ల పేర్లు రాయడం కంటే, ‘ఈ సీడ్‌తో, ఈ వెర్షన్‌లో, ఈ ఫైలు రీస్టోర్ కాలేదు’ అని ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు మీరు పంపిన బగ్ రిపోర్టు ఒక్కటి ఉంటే ఇంటర్వ్యూ సంభాషణ అక్కడినుంచే మొదలవుతుంది. అటువంటి లోపం దొరక్కపోయినా నష్టం లేదు, మీ పరీక్ష ఏయే సందర్భాలను చూసిందో, ఏవి చూడలేదో నిజాయితీగా చెప్పగలగాలి. దీనికి తోడు లైనక్స్ ఫైల్ సిస్టమ్‌ల పనితీరు, గో లేదా సీ వంటి ఒక భాష నేర్చుకోవడం అవసరం. రెస్టిక్ గోలో రాసినదే కాబట్టి దాని కోడ్ చదువుతూ నేర్చుకోవచ్చు.

ఈ పనికి అంతు కనబడటం లేదన్న మీ భయం సహేతుకమైనదే, అందుకు పరిధిని ఇప్పుడే గీసుకోండి: ఒక ఆపరేటింగ్ సిస్టమ్, రెండు సాఫ్ట్‌వేర్లు, ఏడు రోజుల మార్పులు. అంతకు మించినవి రిపోర్టు చివర ‘ముందు చేయవలసినవి’ కింద రాయండి. ఈ వారంలో మీ గైడ్‌ను కలిసేముందు ఒక్క పని పూర్తి చేసుకోండి. ప్రోగ్రామ్‌ను మీ కంప్యూటర్‌లోనూ, మీ స్నేహితుడి కంప్యూటర్‌లోనూ ఒకే సీడ్‌తో నడిపి, రెండు పట్టికల షా-256 విలువలను పక్కపక్కన ఉంచండి. అవి సరిపోలితే ఆ కాగితమే మీ ప్రతిపాదనకు మొదటి పేజీ. సరిపోలకపోతే ఏ ఫైలు దగ్గర తేడా వచ్చిందో పట్టికలే చెబుతాయి, ఆ తేడాకు కారణాన్ని వెతికి రాసినదే మీ రిపోర్టులో మొదటి అధ్యాయం అవుతుంది.